వాలు ఫ్రెట్ల ఎలక్ట్రిక్ గిటారు: ఇంట్లో తయారుచేసే పద్ధతి

గిటారులో ఆరు తీగలకూ ఒకే పొడవు ఉండాలన్న నియమమేమీ లేదు. పియానో మూత తెరిచి చూడండి: మంద్రస్వరాల తీగలు పొడవుగా, తారస్వరాలవి పొట్టిగా ఉంటాయి. గిటారు మాత్రం తయారీ సులువు కోసం అన్నిటికీ ఒకే కొలత పెట్టుకుంది. దాని ఫలితం అన్నిటికంటే మందమైన ఆరో తీగ మీద కనిపిస్తుంది. శ్రుతి కాస్త కిందికి దించగానే అది వదులై, మీటినప్పుడు స్వరం స్పష్టంగా పలకదు. పొడవు పెంచితే ఆ సమస్య తీరుతుంది కానీ, ఒకటో తీగ మరీ బిగుసుకుపోతుంది. మందపు తీగకు ఎక్కువ పొడవు, సన్నతీగకు తక్కువ పొడవు ఇస్తే రెండూ కుదురుతాయి. అప్పుడు ఫ్రెట్లు (తీగల కింద అడ్డంగా బిగించిన సన్నని లోహపు పట్టీలు) సమాంతరంగా ఉండలేవు, తాటాకు విసనకర్ర ఈనెల్లా విచ్చుకుంటాయి.

ఈ ఆలోచన పాతదే. పదహారో శతాబ్దపు ఇంగ్లండులో ఓర్ఫారియన్ అనే వాద్యానికి వాలు ఫ్రెట్లు ఉండేవి. ఎలక్ట్రిక్ గిటారుకు దీన్ని తెచ్చి 1989లో పేటెంటు పొందినవాడు అమెరికా వాద్య నిర్మాత రాల్ఫ్ నోవాక్. ఆయన చేసిన ఎనిమిది తీగల గిటారును జాజ్ వాద్యకారుడు చార్లీ హంటర్ వాయించి పేరు తెచ్చాడు. కెనడాకు చెందిన డింగ్‌వాల్ బేస్ గిటార్లూ ఇదే పద్ధతిలో వస్తాయి. పేటెంటు గడువు తీరాక స్ట్రాండ్‌బర్గ్, ఐబానెజ్ వంటి కంపెనీలు కూడా వాలు ఫ్రెట్లను విరివిగా వాడుతున్నాయి.

ఇంట్లో చేయదలచినవారు ఫ్రెట్ల గాడులు కోయడమే కష్టమనుకుని అక్కడే భయపడతారు. నా లెక్కలో అసలు కష్టం రెండు చోట్ల ఉంది: కాగితం మీద, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గర. మిగతాదంతా మామూలు గిటారు పనే. ఉలి, చిత్రిక, రౌటర్ (చెక్కలో గాడులు, గుంటలు తీసే విద్యుత్ పనిముట్టు) పట్టుకోవడం కొంచెం అలవాటున్నవారికి ఈ వివరణ సరిపోతుంది. రౌటర్ ఎప్పుడూ ముట్టనివారు ముందు పనికిరాని చెక్కమీద చేయి తిప్పుకుని రండి.

ముందు మూడు నిర్ణయాలు

మొదటిది, రెండు పొడవులు. ఆరో తీగకు 673 మి.మీ. (26.5 అంగుళాలు), ఒకటో తీగకు 648 మి.మీ. (25.5 అంగుళాలు) తీసుకోమంటాను. చాలా ఫెండర్ గిటార్ల పొడవు 648 మి.మీ. కాబట్టి సన్నతీగల వైపు చేతికి కొత్తగా అనిపించదు. తీగ బిగువు దాని పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే తీగను అదే స్వరానికి 648కి బదులు 673 మి.మీ. మీద బిగిస్తే బిగువు దాదాపు 8 శాతం ఎక్కువ. ఆరో తీగ మీద ఆ తేడా వేళ్ళకు స్పష్టంగా తెలుస్తుంది. 686 మి.మీ. దాకా వెళ్ళేవారూ ఉన్నారు. ఏడు తీగల గిటారుకైతే సరే, ఆరు తీగలకు మొదటిసారే అంత అవసరం లేదు.

రెండోది, నిటారు ఫ్రెట్టు. అన్ని ఫ్రెట్లలో ఒక్కటే గిటారు నడిమిగీతకు లంబంగా ఉంటుంది. దానికి ఒక పక్కవి ఒకవైపు, రెండో పక్కవి మరోవైపు వాలుతాయి. 12వ ఫ్రెట్టును నిటారుగా పెడితే 25 మి.మీ. తేడా నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) దగ్గర 12.5, బ్రిడ్జి దగ్గర 12.5గా పంచుకుంటుంది. బొమ్మ అందంగానే ఉంటుంది కానీ మొదటి మూడు ఫ్రెట్లలో తీగస్వరాలు (కార్డ్‌లు) పట్టుకునేవారి మణికట్టుకు ఇబ్బంది. 7వ ఫ్రెట్టును నిటారుగా పెడితే నట్ దగ్గర వాలు 8.3 మి.మీ.కు తగ్గి, బ్రిడ్జి దగ్గర 16.7కు పెరుగుతుంది. పాటలకు తోడుగా వాయించే వారు ఎక్కువగా మొదటి ఐదు ఫ్రెట్లలోనే ఉంటారు కాబట్టి నా ఓటు ఏడుకే. కింద ఇచ్చిన లెక్కలన్నీ దానివే.

మూడోది, హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే మరలుండే మెడ పైభాగం. వెనక్కి వంగిన హెడ్‌స్టాక్ వద్దు. నట్ వాలుగా ఉన్నప్పుడు ఆ వంపు మొదలయ్యే గీత కూడా అదే వాలులో ఉండాలి. లేకపోతే ఒక్కో తీగ ఒక్కో కోణంలో నట్ మీద వంగుతుంది. ఫెండర్ తరహాలో ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు బిగించే పలక) కంటే కిందికి దించిన చదును హెడ్‌స్టాక్ అయితే ఈ చిక్కు ఉండదు.

అసలు సైజు బొమ్మ

మీటరు పొడవున్న హార్డ్‌బోర్డు లేదా ఎండీఎఫ్ పలక తీసుకోండి. నడిమిగీత గీయండి. దానికి లంబంగా ఒక అడ్డగీత గీయండి, అదే 7వ ఫ్రెట్టు. మొత్తం బొమ్మలో మూలమట్టంతో గీసే ఫ్రెట్టు ఇదొక్కటే.

ఆ అడ్డగీత మీద నడిమిగీతకు చెరోవైపు 20.3 మి.మీ. దూరంలో చుక్కలు పెట్టండి. బయటి రెండు తీగలు వీటి మీదుగా పోతాయి. నట్ దగ్గర ఆ తీగల మధ్య దూరం 35 మి.మీ., బ్రిడ్జి దగ్గర 52 మి.మీ. రెండూ నడిమిగీతకు లంబంగా కొలిచినవి, వాలు వెంబడి కాదు. ఇప్పుడు ఆరో తీగ వెంట 7వ ఫ్రెట్టు నుంచి హెడ్‌స్టాక్ వైపు 223.8 మి.మీ., బ్రిడ్జి వైపు 449.2 మి.మీ. కొలిచి గుర్తు పెట్టండి. ఒకటో తీగ వెంట 215.5, 432.5. పై రెండు గుర్తులను కలిపితే నట్, కింది రెండిటిని కలిపితే బ్రిడ్జి గీత వస్తాయి.

మిగతా ఫ్రెట్ల లెక్క సులభం. ఒక ఫ్రెట్టు దాటాక మిగిలే తీగ పొడవు, అంతకుముందున్న పొడవులో 0.943874 వంతు. దీన్నిబట్టి రెండు తీగలకూ విడివిడిగా లెక్కగట్టి, ఒకే అంకె ఉన్న గుర్తులను సూటిగా కలపాలి. మధ్య నాలుగు తీగల పొడవులు (వరసగా 668, 663, 658, 653 మి.మీ.కు దగ్గరగా) వాటంతటవే కుదిరిపోతాయి. మీ లెక్క సరిచూసుకోవడానికి నట్ నుంచి దూరాలు మి.మీ.లలో:

| ఫ్రెట్టు | ఆరో తీగ | ఒకటో తీగ |
|---|---|---|
| 1 | 37.77 | 36.37 |
| 3 | 107.08 | 103.10 |
| 5 | 168.82 | 162.55 |
| 7 | 223.83 | 215.51 |
| 9 | 272.83 | 262.70 |
| 12 | 336.50 | 324.00 |
| 15 | 390.04 | 375.55 |
| 19 | 448.41 | 431.76 |
| 24 | 504.75 | 486.00 |

ప్రతి దూరాన్నీ నట్ నుంచే కొలవండి. ఒక ఫ్రెట్టు నుంచి పక్కదానికి కొలుచుకుంటూ పోతే చిన్న తప్పులు పోగుపడతాయి. ఎంత ఖచ్చితత్వం కావాలంటే, 0.2 మి.మీ. తేడా మొదటి ఫ్రెట్టు దగ్గర అర సెంటు శ్రుతి దోషం, 12వ దగ్గర ఒక సెంటు, 24వ దగ్గర రెండు సెంట్లు. (ఒక స్వరస్థానానికి పక్కదానికి మధ్య దూరం 100 సెంట్లు.) అందువల్ల పైకి వెళ్ళేకొద్దీ కన్ను మరింత పదునుగా ఉండాలి. ఇరుకుగా ఉన్నచోటే ఎక్కువ జాగ్రత్త అవసరం కావడం కాస్త అన్యాయమే.

చేత్తో గీయడం ఇష్టం లేకపోతే ఫ్రెట్‌ఫైండ్ 2డీ అనే ఉచిత సాధనం ఉంది. రెండు పొడవులూ, నిటారు ఫ్రెట్టు సంఖ్యా ఇస్తే మొత్తం బొమ్మ గీసి పీడీఎఫ్‌గానూ, కటింగ్ యంత్రాలు చదివే ఫైలుగానూ ఇస్తుంది. ఏ4 కాగితాలు అతికించుకోవద్దు. భవనాల ప్లాన్లు ముద్రించే ప్లాటర్ దుకాణంలో ఒకే పొడవు కాగితం మీద, సైజు మార్చకుండా తీయించండి. తీయించాక ఒకటో తీగ మీద నట్ నుంచి 12వ ఫ్రెట్టు దాకా 324 మి.మీ. సరిగా ఉందో లేదో ఉక్కు స్కేలుతో చూడండి. వానాకాలంలో కాగితం తేమ పీల్చి సాగుతుంది, కాబట్టి అంటించే రోజున మరోసారి కొలవండి.

బ్రిడ్జి, పికప్పులు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి), తీగలు బిగించే మరలు, ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) కొని చేతిలో పెట్టుకున్నాకే కలప కోయాలి. అమ్మకందారు రాసిన కొలతకూ వచ్చిన వస్తువుకూ తేడా ఉంటే బొమ్మను దిద్దుకోవచ్చు, చెక్కను దిద్దలేం.

కలప

విదేశాల్లో నెక్‌కు (మెడకు) మేపుల్, బాడీకి ఆల్డర్ వాడతారు. మన దగ్గర వాటికోసం వెతకనక్కర్లేదు. పాత ఇళ్ళు కూల్చినచోట దొరికే టేకు ద్వారబంధాలు, దూలాలు నెక్‌కు చక్కగా పనికొస్తాయి. దశాబ్దాలుగా ఎండిన కలప కాబట్టి ఇక వంకర్లు తిరిగే అవకాశం తక్కువ. చారలు నిలువునా తిన్నగా ఉన్న ముక్క ఎంచుకోండి. చిత్రిక పట్టేముందు అయస్కాంతం తిప్పి లోపల మేకులు లేవని చూసుకోండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. జిగురు పెట్టేముందు ఆ ముఖాన్ని థిన్నర్‌తో తుడిచి, ఆరగానే అతికించాలి.

బాడీకి పనస బాగుంటుంది. బొబ్బిలి వీణను పనస దుంగతోనే మలుస్తారు. అంత వాద్యానికి పనికొచ్చిన కలప ఎలక్ట్రిక్ గిటారుకు చాలదా! అడితిలో కొత్తగా కోసిన పలక ఇస్తే మాత్రం పచ్చిదనం పోయేదాకా నెలల తరబడి నీడలో ఆరనివ్వాలి. కోస్తా ఊళ్ళలో ఈ ఓపిక ఇంకా అవసరం. ఫింగర్‌బోర్డుకు జిట్రేగి శ్రేష్ఠం. అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్న జాతి, బిల్లుతో కొనండి. ఎర్రచందనం ఆలోచన మాత్రం అసలు వద్దు. గిటారు పూర్తికాకముందే అటవీశాఖ వారితో పరిచయమవుతుంది. జిట్రేగి పొడి కొందరికి చర్మం మీదా ఊపిరితిత్తుల్లోనూ అలర్జీ తెస్తుంది కాబట్టి మాస్కు తప్పనిసరి.

ఫ్రెట్ల గాడులు

మామూలు గిటారుకు రంపాన్ని లంబంగా నడిపే పెట్టె ఒకటి ఉంటే చాలు, ఫింగర్‌బోర్డును జరుపుకుంటూ కోసుకుపోవచ్చు. ఇక్కడ ప్రతి ఫ్రెట్టుదీ వేరే కోణం కాబట్టి ఆ పెట్టె పనికిరాదు. బదులుగా అంచు తిన్నగా, ముఖం లంబంగా ఉన్న గట్టి చెక్కదిమ్మను ప్రతి గీత పక్కనా రెండువైపుల జిగురున్న టేపుతో నిలిపి, రంపాన్ని దాని ముఖానికి ఆనించి కోయాలి.

ఫింగర్‌బోర్డు పలక 6 నుంచి 7 మి.మీ. మందం, చదునుగా, ఇంకా దీర్ఘచతురస్రంగా ఉండగానే ఈ పని చేయండి. బొమ్మ అంటించి, గీతలను పెన్సిలుతో కాకుండా పదునైన కత్తిమొనతో చెక్కమీదికి దించండి. కత్తి చేసిన గాటులో రంపం తనంతట తాను కూర్చుంటుంది. నడిమిగీత రెండు చివర్లా కనబడేలా గుర్తు ఉంచుకోండి. పలక అంచు ఇక్కడ దేనికీ ఆధారం కాదు.

రంపం కోసే గాడి వెడల్పు 0.6 మి.మీ.కు మించకూడదు. హాక్సా బ్లేడు గాడి అంతకంటే వెడల్పు, అందులో ఫ్రెట్టు నిలవదు. దీనికోసమే తయారైన ఫ్రెట్ రంపం తెప్పించుకోవడమే మార్గం. లోతు 3 మి.మీ. పైగా ఉండనివ్వండి. తర్వాత పైభాగాన్ని గుండ్రం చేసినప్పుడు అంచుల దగ్గర 1.2 మి.మీ. దాకా అరిగిపోతుంది. ఊళ్ళో కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ రౌటర్ ఉన్న చెక్కపని దుకాణం ఉంటే, 0.6 మి.మీ. మొన వాడగలరేమో అడిగి ఈ పని వారికి అప్పగించండి. అందులో చిన్నతనమేమీ లేదు.

గాడులయ్యాక పలకను నెక్ ఆకారానికి సన్నగించి, బయటి తీగలకు అవతల 3.5 మి.మీ. చొప్పున అంచు వదలండి. గుండ్రం చేయడానికి 305 మి.మీ. వ్యాసార్ధం దిమ్మ వాడి, గరుకు కాగితంతో నెక్ పొడవు వెంట రుద్దండి, ఫ్రెట్ల వాలు వెంట కాదు. నట్ దగ్గర ఒక వంపు, చివర మరో వంపు ఉండే పద్ధతి ఈసారికి వదిలేయండి.

నెక్, బాడీ

ఇక్కడ వాలు ఫ్రెట్లకు సంబంధించిన విశేషం తక్కువ. ట్రస్ రాడ్ గాడి నడిమిగీత మీదే తిన్నగా ఉంటుంది, నట్ వాలును పట్టించుకోదు. కానీ రాడ్ తిప్పే మర హెడ్‌స్టాక్ వైపు ఉంటే నట్ వాలు దానికి అడ్డు రాకుండా బొమ్మలో ముందే చూసుకోవాలి. నెక్ మందం ఫింగర్‌బోర్డుతో కలిపి 1వ ఫ్రెట్టు దగ్గర 21, 12వ దగ్గర 23 మి.మీ. ఉంచితే చాలామంది చేతులకు సరిపోతుంది.

నట్ స్థానంలో జీరో ఫ్రెట్టు పెట్టండి. అంటే నట్ గీత మీద మరో ఫ్రెట్టు బిగించి, దాని వెనుక తీగల ఎడం కాపాడే ఎముక పట్టీ పెట్టడం. వాలు నట్‌లో ఆరు గాడుల లోతునూ సమంగా ఆకురాయితో తీయడం అనుభవజ్ఞులకే విసుగు. జీరో ఫ్రెట్టుతో ఎత్తు దానంతటదే కుదురుతుంది.

బాడీ మందం 42 నుంచి 44 మి.మీ. రౌటర్‌ను ఒక్కో దఫా 5 మి.మీ. లోతుకు మించి దించకండి. నెక్ కూర్చునే గుంటను కొన్న నమూనాతో కాకుండా మీరు చేసిన నెక్ చుట్టూ గీసిన గీతతోనే తీయండి. లోతు 16 మి.మీ., నాలుగు మరలు. జిగురు పెట్టి శాశ్వతంగా అతికించే నెక్ మొదటి ప్రయత్నానికి వద్దు.

బ్రిడ్జి

నెక్ బిగించాక, బ్రిడ్జికి ఒక్క రంధ్రం కూడా పెట్టకముందు, సన్నని నూలు దారాలు రెండు తీసుకుని బయటి తీగల దారిలో నట్ నుంచి బాడీ చివరిదాకా లాగి కట్టండి. దారాలు ఫింగర్‌బోర్డు రెండు అంచులకూ సమాన దూరంలో ఉండాలి. నెక్ అర మి.మీ. పక్కకు వాలినా ఇక్కడ బయటపడుతుంది. అప్పుడు బొమ్మలోని బ్రిడ్జిని కాకుండా ఈ దారాలను నమ్మి గుర్తులు పెట్టాలి.

ఒకే పళ్ళెం మీద ఆరు సాడిళ్ళు (ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మలు) ఉన్న మామూలు బ్రిడ్జిని వాలుగా తిప్పి బిగిస్తే తీగలు సాడిళ్ళమీద అడ్డంగా పోతాయి. ఒక్కో తీగకు విడిగా దొరికే బ్రిడ్జి ముక్కలు ఆరు కొనండి. తీగల ఎడం 10.4 మి.మీ. కాబట్టి ముక్క వెడల్పు అంతకు తక్కువ ఉండాలి. ప్రతి ముక్కా తన తీగ దిశలోనే చూస్తుంది. ఒక్కోటీ పక్కదానికంటే 3.3 మి.మీ. వెనక్కి జరుగుతుంది.

ఫ్రెట్టు మీద నొక్కినప్పుడు తీగ కొంచెం సాగి శ్రుతి పెరుగుతుంది. దాన్ని సరిదిద్దడానికి సాడిల్ ఎప్పుడూ లెక్కకన్నా వెనక్కే జరగాలి: ఒకటో తీగకు సుమారు 2 మి.మీ., ఆరో తీగకు 4 నుంచి 5 మి.మీ. అందుకని సాడిల్‌ను దాదాపు పూర్తిగా ముందుకు తెచ్చి, అక్కడ అది 648 (లేదా ఆ తీగ సొంత పొడవు) గీత మీద ఉండేలా ముక్కను నిలపండి. వెనక్కి జరిగే చోటంతా మిగులుతుంది. సాడిల్‌ను మధ్యలో పెట్టి లెక్క గీత మీద బిగించినవారికి ఆరో తీగ దగ్గర మర చాలక, మళ్ళీ రంధ్రాలు పూడ్చవలసి వస్తుంది.

ఫ్రెట్లు బిగించడం

నికెల్ సిల్వర్ ఫ్రెట్ తీగను ఫింగర్‌బోర్డు వంపుకన్నా కొంచెం ఎక్కువగా వంచండి. వాలు ఫ్రెట్టు గుండ్రని ఉపరితలాన్ని ఏటవాలుగా దాటుతుంది కాబట్టి దానికి కావలసిన వంపు నిటారు ఫ్రెట్టుకన్నా రవ్వంత తక్కువ. అదనపు వంపు చివర్లను గట్టిగా కూర్చోబెడుతుంది. రెండు చివర్లూ ముందు, మధ్య భాగం తర్వాత, ప్లాస్టిక్ సుత్తితో కొట్టండి. పల్చని సూపర్ జిగురు ఒక్కో చుక్క చివర్లలో వదలండి.

ఫ్రెట్టు అంచును ఏటవాలుగా దాటుతుంది కాబట్టి దాని చివర ఒక మూల మొద్దుగా, మరో మూల సూదిలా వస్తుంది. ఆ సూది మూలను ప్రతిదానికీ విడిగా చిన్న ఆకురాయితో గుండ్రం చేయాలి. ఓపిక పరీక్షించే పని ఇదే. సమం చేసేటప్పుడు ఫ్రెట్ల తలల మీద మార్కర్ సిరా పూసి, 400 నంబరు కాగితం అంటించిన తిన్నని లోహపు పట్టీని తీగ దారుల వెంట నడపండి. సిరా అన్నిచోట్లా చెరిగితే సమమైనట్టే. తర్వాత తలలను గుండ్రం చేసి మెరుగుపెట్టండి.

పికప్పులు, వైరింగు, పాలిష్

విడి గుండీలున్న పికప్పును వాలుగా పెడితే గుండీలు తీగల కిందినుంచి తప్పుకుంటాయి. గుండీలకు బదులు ఉక్కు పట్టీలున్న హంబకర్ (రెండు తీగచుట్లున్న పికప్పు) తీసుకోండి. బ్రిడ్జి పికప్పు బ్రిడ్జి వాలులో (దాదాపు 18 డిగ్రీలు), నెక్ పికప్పు చివరి ఫ్రెట్టు వాలులో (దాదాపు 12 డిగ్రీలు) ఉంటే చూపుకూ చెవికీ బాగుంటుంది. వాలు వెంట కొలిస్తే తీగల మధ్య 52 మి.మీ. దూరం 54.6 అవుతుంది. పట్టీ అంత పొడవుందో లేదో కొనేముందే చూడండి.

500 కిలో ఓమ్‌ల వాల్యూమ్, అంతే టోన్, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒక స్విచ్చి చాలు. మరిచిపోయే విషయం ఒకటుంది: మామూలు గిటారులో బ్రిడ్జికి ఒక్క ఎర్త్ వైరు చాలుతుంది. ఇక్కడ ఆరు ముక్కలూ ఒకదానికొకటి తగలవు. వాటన్నిటి కిందుగా ఒక రాగిరేకు పట్టీ పరిచి, దానికి వైరు అతికించండి. లేదంటే కొన్ని తీగలు ముట్టుకున్నప్పుడు గుయ్యిమనే శబ్దం ఆగినా, మిగతావాటికి ఆగకపోవచ్చు.

పాలిష్‌కు వడ్రంగులు వాడే లక్క పాలిష్ బాడీకి సరిపోతుంది. చెమట పట్టే చేతులకు నెక్ వెనుక నూనె పూత నయం. జిట్రేగి ఫింగర్‌బోర్డుకు ఏ పూతా వద్దు.

తీగలు ఎక్కించాక

10 నుంచి 46 తీగల సెట్‌తో మొదలుపెట్టండి (ఇవి అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందాలు). ఆరో తీగను ఒక స్వరం కిందికి దించి వాయించేవారు 10 నుంచి 52 సెట్‌కు వెళ్ళవచ్చు. పూర్తి శ్రుతిలో ఒకరోజు వదిలి, ఆ తర్వాత ఆరో తీగను 1వ, చివరి ఫ్రెట్ల దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, 8వ ఫ్రెట్టు దగ్గర తీగకూ ఫ్రెట్టుకూ మధ్య 0.2 మి.మీ. సందు వచ్చేలా ట్రస్ రాడ్ తిప్పండి. పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పకండి. 12వ ఫ్రెట్టు మీద తీగ ఎత్తు ఆరో తీగకు 1.8, ఒకటో తీగకు 1.5 మి.మీ. మంచి ఆరంభం.

ఇక శ్రుతి. ప్రతి తీగకూ 12వ ఫ్రెట్టు మీద తేలిగ్గా తాకి పలికించిన స్వరాన్ని, అక్కడే నొక్కి పలికించిన స్వరంతో ట్యూనర్ మీద పోల్చండి. నొక్కినది ఎక్కువ పలికితే సాడిల్‌ను వెనక్కి, తక్కువ పలికితే ముందుకు. వాలు ఫ్రెట్టును తీగ వంపు తిరగకుండా సూటిగా నొక్కాలి, లేకుంటే ట్యూనర్ తప్పు చెబుతుంది. కొత్త చెక్క ఇంకా సర్దుకుంటూ ఉంటుంది కనుక రెండు వారాల తర్వాత ట్రస్ రాడ్‌ను మళ్ళీ చూడండి. తొలకరి మొదలయ్యాక ఇంకోసారి.